ఇరవై నిమిషాలకొక ప్రశ్న

మాకు కంప్యూటరు పాఠాలు చెప్పిన సార్ పోయిన నెల మణికొండలో, తాను కిరాయికుంటున్న గదిలో చనిపోయారు. ఆ సంగతి మొదట కనిపెట్టింది మనిషి కాదు, ఆయన బల్ల మీది కంప్యూటరు. అలంకారం కోసం రాస్తున్న వాక్యం కాదిది. జరిగింది అదే.

ఆ ఇంటి ఓనరమ్మ నాతో చెప్పిన మాటలివి: "పొద్దుగాల్నుంచి లోపల కూ కూ అని మోగుతనే ఉంది. టీవీ పెట్టుకోని పన్నడేమో అనుకున్న. బియ్యం చెరిగిన, కూర వండిన, ఇంకా మోగుతనే ఉంది. కిటికీలకెళ్లి చూస్తే కుర్చీల కూసోనే ఉన్నడు. సారూ అని పిలిచిన. పలకలే."

పదకొండు గంటలకు ఆమె భర్త, పక్కింట్లో పని చేస్తున్న మేస్త్రీ కలిసి తలుపు గడియ విరగ్గొట్టారు. గుండె ఆగి నాలుగు గంటలైనా అయిందని దవాఖానలో డాక్టరు చెప్పాడు. గదిలో కంప్యూటరు తెర మీద నల్లటి నేల, దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఒక్క తెలుగు మాట ఉంది. "ఉన్నరా?"

మోత ఆపడం అక్కడెవరికీ తెలియదు. ప్లగ్గు పీకడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. సార్‌ను మోసుకుపోతున్నంతసేపూ అది మోగింది. ఆయన పోయాక ఖాళీ గదిలో కూడా మోగింది. మధ్యాహ్నం కోకాపేట నుంచి సునీత వచ్చింది. ఆమె సార్ శిష్యురాలు, మా ఇద్దరిదీ ఒకే బ్యాచి. గదిలోకి అడుగుపెట్టి, అలవాటు కొద్దీ ఎంటర్ నొక్కింది. మోత ఆగింది.

ఆ ప్రోగ్రాము ప్రతి జవాబునీ టైముతో సహా ఒక ఫైలులో రాసుకుంటుంది. ఆ ఫైలు తర్వాత నేను చూశాను. ఉదయం ఆరు నలభైకి సార్ పేరు మీద ఒక "ఉన్నాను" ఉంది. ఆ తర్వాత జవాబు లేదు. మధ్యాహ్నం రెండు పన్నెండుకి, అదే పేరు మీద, ఇంకొక "ఉన్నాను" ఉంది. అప్పటికి ఆయన దవాఖానలో, తెల్లటి బట్ట కింద ఉన్నారు.

"తుడుద్దామనుకున్న అన్నా," అంది సునీత. "చెయ్యి రాలే."

నేను పత్రికలో పనిచేస్తాను. మాదాపూర్ గుట్టల మధ్య గుండ్రటి కొత్త భవనం లేస్తున్న రోజుల్లో, సాఫ్ట్‌వేర్ వార్తలు చూడమని మా ఎడిటర్ నన్ను అక్కడికి తోలాడు. ప్రెస్‌మీట్లలో వాళ్లు చెప్పేది రాసుకొచ్చేవాణ్ని, అందులో సగం నాకే అర్థమయ్యేది కాదు. అర్థం కానిదాన్ని వార్తగా రాయడం ఇష్టంలేక, మాదాపూర్ రోడ్డు మీద ఒక హార్డ్‌వేర్ కొట్టు పైన రెండు గదుల్లో నడుస్తున్న కోచింగ్‌లో చేరాను. అక్కడ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ చెప్పేది సారే. ఆయన వయసు యాభైకి కొంచెం అటు. నెరిసిన జుట్టు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. అంతకుముందు జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరుగా పనిచేసి, ఆ పని చేస్తూనే కంప్యూటరు నేర్చుకున్నారని తర్వాత తెలిసింది.

కంప్యూటరు గదిలోకి దుమ్ము రాకూడదని అందరం చెప్పులు బయటే విడిచేవాళ్లం. సార్ మొదట ఆ చెప్పుల జతలు లెక్కపెట్టేవారు. లోపలికొచ్చి హాజరు పట్టీ తెరవకుండానే, ఒక్కొక్కరి వైపు చూసి "ఉన్నరా?" అని అడిగేవారు. ఎదురుగా కూర్చున్నా సరే, నోరు తెరిచి "ఉన్న" అనాలి. తల ఊపితే ఒప్పుకునేవారు కాదు.

ఒకరోజు పదిహేను జతలు, పద్నాలుగు గొంతులు. సార్ పాఠం మొదలుపెట్టలేదు. "ఎవరిదో పాత చెప్పులయుంటయి సార్, ఇడిసిపోయిన్రు," అన్నారెవరో. ఆయన వినలేదు. బాత్‌రూము చూశారు, మేడ మీద చూశారు, చివరికి స్టోరు గది తలుపు తీశారు. లోపల మా బ్యాచిలో అందరికంటే పెద్దాయన, కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమాస్తా, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. ఫ్లాపీలు తెచ్చుకుందామని వెళ్తే వెనక గడియ పడిపోయింది.

"అరవొచ్చు గదండీ!" అని మేమంతా నవ్వాం.

"క్లాసు మొదలైపోయిందేమోనండీ, మధ్యలో అరవడం బాగోదని మొహమాటం వేసిందండీ," అన్నాడాయన.

సార్ మాత్రం నవ్వలేదు. ఆయనకు మంచినీళ్లిచ్చి, తాగిందాకా ఎదురుగా నిలబడ్డారు.

అప్పట్లో మాదాపూర్‌లో రోజూ బండలు పేల్చేవాళ్లు. పేలుడుకు మానిటర్లు వణికేవి, పైకప్పు నుంచి సున్నం రాలేది. సార్ ముందే గడియారం చూసుకుని పాఠం ఆపేవారు. పేలుడయ్యాక, దుమ్ము సర్దుకోకముందే, ఆ మసకలోంచి ఆయన గొంతు వినిపించేది. "ఉన్నరా?"

ఇన్‌హెరిటెన్స్ అనే పాఠాన్ని చాలామంది తండ్రి ఆస్తి కొడుక్కి రావడంతో పోల్చి చెబుతారు. మా సార్‌కు ఆ పోలిక గిట్టదు. "ఆస్తి ఒక్కసారి చేతికొచ్చినంక తండ్రితోటి పనిలేదు. ఇక్కడ గట్ల కాదు. పైనోడు ఎప్పటికీ పైన్నే ఉంటడు. నువ్వు పిలిచినప్పుడల్లా ఆయననే పలుకుతడు," అనేవారు.

ఆయన ఉదాహరణలన్నీ ఫ్యాక్టరీవే. క్లాసు అంటే ఒక రకం వస్తువు ఎలా ఉంటుందో, ఏమేం చేయగలదో ముందే రాసిపెట్టుకునే నమూనా. "బాయిలర్‌కు పేరుంటది, పంపుకూ పేరుంటది. రెండిటికీ స్విచ్చి ఉంటది. రెండిటి కాడా ఒక మనిషి కూసుంటడు. ఇదంతా రెండు సార్లు రాయాల్నా? 'యంత్రం' అని ఒక క్లాసు పెట్టి ఒక్కసారి రాయి. బాయిలర్ దగ్గర 'నేను యంత్రాన్నే' అని ఒక్క ముక్క చెప్పు, చాలు. యంత్రానికి వచ్చినవన్నీ దానికొస్తయి. దానికే ప్రత్యేకంగ ఉన్నది మాత్రం దాని కింద రాసుకో." పైనున్నది బేస్ క్లాసు, దాన్నుంచి పుట్టినది పిల్ల క్లాసు. పాఠం అంతే.

మొదటి అభ్యాసం మాత్రం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఒక ఖాళీ క్లాసు రాయమన్నారు. పేరు పెట్టు, "యంత్రం నుంచి" అని రాయి, బ్రాకెట్ తెరువు, మూసెయ్యి. లోపల ఒక్క అక్షరం ఉండొద్దు. రాశాను. నడిపించాను. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత నల్లటి తెర మీద ఒక్క మాట పడింది. "ఉన్నరా?"

నా ఫైలు పైనుంచి కిందికి రెండుసార్లు చూశాను. ఆ మాట అందులో లేదు.

"సార్, ఇది నేను రాయలేదు."

"మీరు రాయలే. మరి ఎవరు అడిగిన్రు?"

పక్కన కాకినాడ గుమాస్తా తెర నుంచి కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. "దెయ్యం పట్టినట్టుందండీ."

"దెయ్యమైతే చెప్పకుండ వస్తది," అన్నారు సార్. "దీన్ని మీరే మొదటి లైన్ల పేరు పెట్టి పిలిచిన్రు." తర్వాత బేస్ క్లాసు ఫైలు తెరిచి చూపించారు. ఆ ప్రశ్న అక్కడ ఉంది. ఇరవై నిమిషాలకోసారి అడుగుతుంది. ఎంటర్ నొక్కితే ఊరుకుంటుంది. మూడుసార్లు అడిగినా ఎవరూ నొక్కకపోతే మోత మొదలుపెడుతుంది. మా చేత నడిపించినప్పుడు మాత్రం ఇరవై నిమిషాలను ఇరవై సెకన్లు చేశారు.

ఆ వారంలోనే ఆయన ఇంకొక మాట చెప్పారు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. పిల్ల క్లాసు కావాలంటే బేస్ క్లాసు చేసే పనిని తనదైన పద్ధతిలో చేయొచ్చు. ఆ పని పేరు తన దగ్గర మళ్లీ రాసుకుంటే పైనున్నది ఆగిపోయి తనది నడుస్తుంది. దాన్ని ఓవర్‌రైడ్ అంటారు. "ఇక్కడ జర జాగ్రత్త," అన్నారు సార్. "ఖాళీ రెండు రకాలు. పేరు రాయకపోతే పైనోడు మాట్లాడతడు. పేరు రాసి లోపల ఖాళీ పెడితే ఇద్దరూ ఊకుంటరు."

కోర్సు అయిపోయాక కూడా అప్పుడప్పుడు కలిసేవాళ్లం. ఒక సాయంత్రం ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, ప్రశ్నను యంత్రం క్లాసులోనే ఎందుకు పెట్టారని అడిగాను. ఆయన చాయ్ గ్లాసు పక్కకు జరిపారు. తర్వాత చెప్పింది ఇది. ఆయన పనిచేసిన మందుల ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, నేను దీన్ని విడిగా నిర్ధారించుకోలేదు. ఆయన చెప్పిందే రాస్తున్నాను.

"మధ్యాహ్నం షిఫ్టు. అవతలి గదిల నా జోడీగాడు ఒక్కడే ఉండె. నేను అద్దంలకెళ్లి మూడు సార్లు చూసిన. కూసోనే ఉన్నడు. మూడు సార్లూ చెయ్యి ఊపిన. వాడు ఊపలే. పనిల ఉన్నడు గద అనుకున్న. షిఫ్టు దిగేటప్పుడు పోయి భుజం మీద చెయ్యేస్తే చల్లగున్నడు. రిజిస్టర్ల చూస్తే గంట గంటకూ సంతకం ఉంది. ఆఖరి గంటకు గుడ ఉంది."

"చనిపోయినాక సంతకమా?"

"ముందే నింపి పెట్టిండు. అందరం గట్లనే నింపేటోళ్లం."

హోటల్లో ఎవరో గ్లాసు కింద పడేశారు. సార్ అటు చూసి, మళ్లీ నావైపు తిరిగారు. "ప్రతి గదికి ప్రోగ్రాం రాసేటోడు ప్రతిసారి యాదుంచుకోని రాస్తడా ఈ ప్రశ్న? రాయడు. మరిచిపోయే చోట రాయొద్దు. మరవనీకి వీల్లేని చోట రాయాలె."

తర్వాతి రోజుల్లో జీడిమెట్లలో ఇంకొక కెమికల్ యూనిట్‌కు ఆయనే ఆ ప్రోగ్రాము రాసిచ్చారు. ప్రతి గదిలో ఒక కంప్యూటరు, ప్రతి గదికి ఒక పిల్ల క్లాసు, అన్నిటికీ పైన యంత్రం. ఒంట్లో బాగుండక ఆ పని వదిలేస్తూ, తన చోట సునీతను పెట్టించారు. "ఈ పిల్ల నాకంటే మంచిగ రాస్తది," అని మేనేజరుకు చెప్పారట. ఆ మాట సునీత నాకు చాలాసార్లు చెప్పింది. ఆమె ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి తనే.

సార్ పోయిన వారానికి ఆమె మా ఆఫీసుకు ఫోన్ చేసింది. "అన్నా, సార్ గదికి జర వస్తవా? ఆయన ఫైళ్లు చూస్తున్న. ఒక్కదాన్నే ఉండాల్నంటే ఎట్లనో అయితుంది."

వెళ్లాను. సార్ కుర్చీలో ఆమె కూర్చోలేదు. స్టూలు తెచ్చుకుంది. ఆ ఉదయం మోగిన ప్రోగ్రాము ఫైలు తెరిచి చూపించింది. ఒక క్లాసు ఉంది. దానికి సార్ తన పేరే పెట్టుకున్నారు. పక్కన "యంత్రం నుంచి" అని ఉంది. బ్రాకెట్ తెరిచి, మూసి ఉంది. లోపల ఒక్క అక్షరం లేదు.

ఒంటరిగా ఉంటున్నందుకు, గుండె బాగాలేనందుకు, ఎవరికీ చెప్పకుండా ఆయన చేసుకున్న ఏర్పాటు అదొక్కటే.

"ఖాళీది," అంది సునీత. "అయినా మోగింది." ఆమె చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. నావైపు తిరిగి అంది: "అన్నా, నేను గుడ ఒకటి ఖాళీ పెట్టిన."

మూడు నెలల కిందట మేనేజరు ఆమెకు ఒక పని చెప్పాడు. బాయిలర్ గదిలో ప్రశ్నతో పాటు ప్రెషరు కూడా కనిపించాలి. ఆమె బాయిలర్ క్లాసులో ప్రశ్న అడిగే పని పేరు రాసి, బ్రాకెట్లు పెట్టి, లోపలిది తర్వాత నింపుదామనుకుంది. అంతలో వేరే పని పడింది. నింపేదాకా పైనున్నది నడుస్తుంది లే అనుకుంది. తర్వాత మరిచిపోయింది.

అది సార్ చెప్పిన రెండో రకం ఖాళీ. అంటే మూడు నెలలుగా ఆ గదిని ఎవరూ ఏమీ అడగలేదు. తెర వెలుగుతూనే ఉంది. అడగడం లేదన్న సంగతి ఎవరికీ కనిపించలేదు.

"మధ్యాహ్నం షిఫ్టుల మల్లేశన్న ఒక్కడే ఉంటడు ఆ గదిల," అంది.

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాం. ఫ్యాక్టరీ గేటు దగ్గర మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు. నా స్కూటరు మీద బయలుదేరాం. జీడిమెట్ల చేరడానికి గంట పైనే పట్టింది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా, నా వెనక నుంచి, ఏదో లెక్కపెడుతున్నట్టు సన్నగా గొణుగుడు వినిపించేది.

మేనేజరుది భీమవరం వైపు. ఆఫీసులో నా మెడలోని ప్రెస్ కార్డు చూసి లేచాడు. "ప్రెస్సు వాళ్లెందుకమ్మా ఇక్కడికి?"

సునీత దాచకుండా చెప్పింది. తప్పు తనదే అంది.

"మూడు నెలలా! ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదు కదమ్మా. బ్రహ్మాండంగా నడుస్తోందనుకుంటున్నాం."

"అడగనిదాని మీద కంప్లయింట్ ఎవరిస్తరు సార్?"

"ఇది పైవాళ్లకు తెలిస్తే నీ ఉద్యోగం ఏమవుతుందో తెలిసే చెబుతున్నావా?"

"తెలుసు సార్. ముందు ఆ గదికి పోదాం."

బాయిలర్ గదికి ఒక పక్క అద్దం ఉంది. అద్దంలోంచి మల్లేశ్ వీపు కనిపించింది. కుర్చీలో కూర్చొని ఉన్నాడు. సునీత అద్దం మీద కొట్టింది. బాయిలర్ రొదలో ఆ చప్పుడు మాకే వినబడలేదు. ఆమె చెయ్యి ఊపింది. అతను కదల్లేదు. మళ్లీ ఊపింది.

మేనేజరు తలుపు తోశాడు. తలుపు పక్కన బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. నా కళ్లు ముందు దాని మీద పడ్డాయి. అప్పుడు టైము మూడు ఇరవై. సంతకాలు ఆరు గంటల దాకా ఉన్నాయి.

సునీత అతని వెనక్కి వెళ్లి నిలబడింది. భుజం మీద చెయ్యి వెయ్యబోయి వెయ్యలేకపోయింది. 

"మల్లేశన్నా, ఉన్నవా?"

అతను ఉలిక్కిపడి తిరిగాడు. "ఏందమ్మా, గట్ల మీదికొచ్చినవ్? జర ఉంటే పానం పోయేది."

సునీత అక్కడే నేల మీద కూర్చుంది. ఏడ్చింది. అతను ఏమీ అర్థంకాక మా ముఖాలు చూశాడు. మేనేజరు రిజిస్టరు చేతిలోకి తీసుకుని పేజీ చూపించాడు.

"అందరం గట్లనే నింపుతం సార్," అన్నాడు మల్లేశ్, తల గోక్కుంటూ. తర్వాత తెర వైపు చూపించాడు. "ఇది గుడ మాట్లాడుడు బంద్ చేసి శానా దినాలైంది. నా మీద అలిగిందనుకున్న. అడగకున్నా అప్పుడప్పుడు నేనే నొక్కుతున్న."

ఆ నొక్కులేవీ ఫైలులో లేవు. ప్రశ్న లేనప్పుడు ప్రోగ్రాము జవాబును రాసుకోదు. మూడు నెలలు అతను ఎవరికి చెప్పాడో, ఆ "ఉన్నాను" ఎక్కడికి పోయిందో, ఆ ప్రోగ్రాములో ఎక్కడా లేదు.

సునీత ముఖం తుడుచుకుని కీబోర్డు ముందుకు వచ్చింది. కొత్తగా ఏమీ రాయలేదు. తను రాసిన పేరూ, ఆ ఖాళీ బ్రాకెట్లూ తీసేసింది, అంతే. ప్రోగ్రామును తిరిగి తయారుచేసి నడిపించింది. నలుగురం ఇరవై నిమిషాలు తెర ముందు నిలబడ్డాం. గడియారంలో మూడు యాభై ఆరు అయినప్పుడు, ఆ గదిలో ఎవరూ రాయని మాట వచ్చింది. "ఉన్నరా?"

మల్లేశ్ ముఖం విప్పారింది. మా భుజాల మీదుగా తలుపు వైపు చూశాడు.

"సార్ వచ్చిండా?"

సార్ పోయిన సంగతి అతనికెవరూ చెప్పలేదు. మేనేజరు కళ్లు దించుకున్నాడు. "ముందు నొక్కు అన్నా," అంది సునీత. అతను నొక్కాక చెప్పింది. అతను విన్నాడు. ఒకసారి తెరను చూసి, ఒకసారి ఆమెను చూసి, కుర్చీలో కూర్చున్నాడు.

సునీత ఉద్యోగం పోలేదు. పైవాళ్లకు మేనేజరు ఏం రాశాడో నేను అడగలేదు. ప్రెషరు చూపించే ముక్కను ఆమె తర్వాత రాసింది. ముందు పైనున్న ప్రశ్నను పిలిచి, ఆ తర్వాతే తన లైను పెట్టింది. సార్ గది ఇంకా ఖాళీగానే ఉంది. ఓనరమ్మ కిరాయికి ఇవ్వడం లేదు. నేను కూడా అప్పటి నుంచి, ఏ అధికారి అయినా అంతా బాగానే ఉందని కాగితం చూపిస్తే, మనిషిని చూపించమంటున్నాను. సార్ దగ్గర నేను నేర్చుకున్నది కంప్యూటరు కంటే ఇదే ఎక్కువ.

ఆ రోజు మేం వెంటనే బయటికి రాలేదు. ఇంకోసారి అడిగేదాకా చూద్దామంది సునీత. నాలుగు పదహారుకు తెర మీద ఆ మాట మళ్లీ పడింది. మల్లేశ్ లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాల తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఉన్న సార్," అన్నాడు, తెరతో, పైకే. ఆ తర్వాత నొక్కాడు.